సింగరేణిలో ఉద్యోగుల రాకపోకలు, సిబ్బంది విధానం

ఒక సంస్థలో పనిచేసేవారు ఏదో ఒక కారణంతో కొలువు వదలడం, వారి చోటికి కొత్తవారు రావడం కలిపి ఉద్యోగుల రాకపోకలు అంటారు. ఐటీ రంగం దీన్నే అట్రిషన్ అంటుంది. ఈ రాకపోకలను అదుపులో ఉంచడానికి యాజమాన్యం రాసుకునే నియమాలు, యూనియన్లతో చేసుకునే ఒప్పందాలు, చట్టం విధించే షరతులు కలిసి సిబ్బంది విధానం అవుతుంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఈ విషయాన్ని దగ్గరగా చూపించే సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీ. పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే దారిలో ఉన్న రేగొండ, దాని చుట్టుపక్కల ఊళ్లకు స్థిరమైన జీతమంటే ముందుగా గుర్తొచ్చేది భూపాలపల్లి ఏరియాలోని కాకతీయ ఖనులు. వాటినే కేటీకే గనులు అంటారు. ఆ తర్వాత చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం, సర్కారు కొలువు.

ఈ వ్యాసం ప్రధానంగా సింగరేణి కార్మికుల గురించి. విద్యుత్ కేంద్రం, ప్రభుత్వ శాఖల సంగతి చివర క్లుప్తంగా ఉంటుంది.

లెక్క కట్టే పద్ధతి

ఏడాదిలో వెళ్లిపోయినవారి సంఖ్యను ఆ ఏడాది సగటు ఉద్యోగుల సంఖ్యతో భాగించి 100తో గుణిస్తే రాకపోకల శాతం వస్తుంది. వెయ్యిమంది ఉన్న గనిలో ఏడాదికి 40 మంది వెళ్తే అది 4 శాతం. వెళ్లినవారిలో సొంత ఇష్టంతో వెళ్లినవారిని ఒక పద్దులో, రిటైర్మెంటు, మరణం, అనారోగ్యం, తొలగింపు వల్ల వెళ్లినవారిని మరో పద్దులో రాస్తారు.

ఈ రెండు పద్దులను విడదీయకపోతే సింగరేణి అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. 2022 మార్చితో ముగిసిన ఏడాదికి ఇన్ఫోసిస్‌లో స్వచ్ఛందంగా వెళ్లినవారే 27.7 శాతం. హైదరాబాద్ ఐటీ కంపెనీలు చాలావరకు ఆ ఏడాది ఇలాంటి ఇబ్బందే పడ్డాయి. బొగ్గుగనిలో పర్మినెంటు కార్మికుడు రాజీనామా రాయడం అరుదు. అయినా 2014లో 62 వేలకు దగ్గరగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య పదేళ్లలో 41 వేలకు దిగింది. మూడో వంతు మంది తగ్గినా రాజీనామాల పద్దు దాదాపు ఖాళీగానే ఉంది. ఇక్కడి యాజమాన్యాన్ని కలవరపెట్టేవి వేరు: ఒక తరం మొత్తం దగ్గర దగ్గరగా రిటైరవడం, పేరు రోల్స్‌లో ఉన్నా మనిషి షిఫ్టుకు రాకపోవడం.

చరిత్ర

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో సంస్థ నమోదైంది. ఆ తేదీనే ఇప్పటికీ సింగరేణి దినోత్సవంగా జరుపుతున్నారు. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొంది. ప్రస్తుతం తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. ప్రధాన కార్యాలయం కొత్తగూడెం.

తొలినాళ్లలో చుట్టుపక్కల పల్లెలవారితో పాటు ఉత్తరాది నుంచి వచ్చినవారూ బాయిల్లో పనిచేశారు. తెలంగాణలో బొగ్గుగనిని నేటికీ బాయి అనే అంటారు. పంట కాలంలో కూలీలు ఊళ్లకు వెళ్లిపోతే బొగ్గు పైకి రావడం తగ్గేది. ఈ ఇబ్బంది ఏ బొగ్గు క్షేత్రానికైనా పాతదే. ఇప్పుడు కంపెనీ దగ్గర భారీ యంత్రాలున్నా పత్తి ఏరే నెలల్లో హాజరు పట్టీ చూస్తే ఆ పాత ఛాయ కొంత కనిపిస్తుంది.

1970లు, 80లలో కంపెనీ పెద్ద ఎత్తున మనుషులను తీసుకుంది. చేతితో బొగ్గెత్తి టబ్బులు నింపే కోల్ ఫిల్లర్లే అప్పుడు ఉత్పత్తికి ఆధారం. 1990ల మొదట్లో ఉద్యోగుల సంఖ్య 1.16 లక్షలకు చేరింది. సమ్మెలూ అదే స్థాయిలో జరిగాయి. చట్టవిరుద్ధ సమ్మె చేస్తే ఒక్క రోజుకు ఎనిమిది రోజుల వేతనం కోసే నిబంధనకు వ్యతిరేకంగా 1981లో జరిగిన 56 రోజుల సమ్మెను పాత కార్మికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నష్టాలు పెరిగి 1990లలో కంపెనీ రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల పునర్నిర్మాణ మండలి ముందుకు వెళ్లాల్సి వచ్చింది. అప్పటినుంచి సిబ్బంది విధానం దిశ మారింది. కొత్త నియామకాలు పలచబడ్డాయి. డిపెండెంటు (వారసత్వ) ఉద్యోగాలు ఆగాయి. గోల్డెన్ హ్యాండ్‌షేక్ అని పేరుపడిన స్వచ్ఛంద విరమణ పథకాలు వచ్చాయి. చేతి లోడింగు స్థానంలో ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు దిగాయి. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి.

2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. దానిలో సుమారు పదింట తొమ్మిది వంతులు ఓపెన్‌కాస్టులదే. పర్మినెంటు కార్మికుల్లో పెద్ద భాగం మాత్రం భూగర్భ గనుల్లోనే ఉంది. బొగ్గు ఎక్కువగా వచ్చే చోట మనుషులు తక్కువ, మనుషులు ఎక్కువగా ఉన్న చోట బొగ్గు తక్కువ కావడం సిబ్బంది విభాగం లెక్కలను ఎప్పుడూ వెంటాడుతుంది.

ఉద్యోగ వర్గాలు

సింగరేణి సిబ్బందిని స్థూలంగా మూడు వర్గాలుగా చెప్పవచ్చు. మొదటిది అధికారులు. రెండోది జాతీయ బొగ్గు వేతన ఒప్పందం కిందికి వచ్చే కార్మికులు, సూపర్‌వైజర్లు, గుమాస్తాలు. 11వ ఒప్పందం 2021 జూలై 1 నుంచి ఐదేళ్లకు వర్తిస్తుంది. 2023 మేలో కుదిరిన ఆ ఒప్పందం కనీసం 19 శాతం పెరుగుదలకు హామీ ఇచ్చింది. మూడోది కాంట్రాక్టు కార్మికులు. వీరు కంపెనీ రోల్స్‌లో ఉండరు.

రెండో వర్గంలో అడుగు మెట్టు బదిలీ వర్కర్. ఈ మాటకు ట్రాన్స్‌ఫరుతో సంబంధం లేదు. రాని మనిషికి బదులుగా పనిచేసేవాడని అర్థం. ఏడాదిలో భూగర్భంలో 190 లేదా ఉపరితలంలో 240 మస్టర్లు (హాజర్లు) నింపితే బదిలీ వర్కర్ జనరల్ మజ్దూర్ అయ్యే దారి తెరుచుకుంటుంది. ఈ 190, 240 అంకెలు గనుల చట్టంలో సెలవు హక్కుకు, పారిశ్రామిక వివాదాల చట్టంలో నిరంతర సర్వీసుకు కొలబద్దగా ఉంటూ వచ్చినవే. అక్కడి నుంచి కోల్‌కట్టర్, ట్రామర్, సపోర్ట్‌మన్, ఎస్‌డీఎల్ ఆపరేటర్ వంటి పనుల్లోకి వెళ్తారు. పరీక్షలు రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్ అవుతారు.

గనిలో కొన్ని ఉద్యోగాలను ఖాళీగా ఉంచడం చట్టరీత్యా కుదరదు. మేనేజర్, ఓవర్‌మన్, సర్దార్, షాట్‌ఫైరర్, సర్వేయర్ స్థానాల్లో గనుల భద్రత డైరెక్టరేట్ ఇచ్చే సర్టిఫికెట్ ఉన్నవారే ఉండాలి. పదిమంది జనరల్ మజ్దూర్లు రాకపోతే పని మందగిస్తుంది. సర్దార్ ఒక్కడు రాకపోయినా, అతని చోట అర్హుడు మరొకడు లేకపోతే గనిలోని ఆ డిస్ట్రిక్టులో (పని విభాగంలో) పని ఆపాలి.

మస్టర్, నాగా

హాజరును సింగరేణిలో మస్టర్ అంటారు, రాకపోతే నాగా. కార్మికుడి జీవితమంతా ఈ రెండు మాటల మధ్యే లెక్కకు వస్తుంది. జీతం, సెలవు, ప్రమోషన్, లాభాల వాటా, చివరికి కొడుకు ఉద్యోగం కూడా ఎన్ని మస్టర్లు పడ్డాయన్న ప్రశ్న దగ్గరికే చేరతాయి.

భూగర్భ గనిలో షిఫ్టు మొదలయ్యే వేళ దృశ్యం ఇలా ఉంటుంది. టైమ్ ఆఫీసు దగ్గర మస్టర్ పడ్డాక కార్మికుడు ల్యాంప్ రూంలో టోపీ దీపం, సెల్ఫ్ రెస్క్యూయర్ తీసుకుంటాడు. ఓవర్‌మన్ చేతిలోని చిట్టా ప్రకారం పని పంపకం జరుగుతుంది. ఎవరు ఏ డిస్ట్రిక్టు, ఏ లెవల్, ఏ యంత్రం అన్నది అక్కడే తేలుతుంది. ఒక ఎస్‌డీఎల్ నడవాలంటే ఆపరేటర్ ఉంటే చాలదు. పైకప్పుకు బోల్టులు వేసేవాళ్లు, కేబుల్ చూసేవాడు, పేలుడు పనికి షాట్‌ఫైరర్, వీళ్లపై సర్దార్ ఉండాలి. వీరిలో ఇద్దరు నాగా అయితే ఓవర్‌మన్ పక్క డిస్ట్రిక్టు నుంచి మనుషులను లాగుతాడు, లేదా యంత్రాన్ని ఆపుతాడు. కోట్ల రూపాయల యంత్రం ఖాళీగా నిలబడే గంటలు అక్కడ పుడతాయి. యాజమాన్యం నాగాను క్రమశిక్షణ సమస్యగా కన్నా ఉత్పత్తి సమస్యగా చూడటానికి కారణం ఇదే.

నాగాలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. దసరా, సంక్రాంతి, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో హాజరు పడిపోతుంది. ఊళ్లో ఎకరం రెండెకరాలు ఉన్న కార్మికుడు నాట్ల వేళ, పత్తి ఏరే వేళ, మిరప కోత వేళ ఇంటి పట్టున ఉండాలనుకుంటాడు. రేగొండ, గణపురం మండలాల్లా సొంత ఊరు నుంచే డ్యూటీకి వచ్చిపోయే వీలున్న చోట సేద్యం పూర్తిగా వదలని ఇళ్లు ఎక్కువ. మద్యం, అప్పులు, నడుంనొప్పి, రాత్రి షిఫ్టుపై విముఖత మిగతా కారణాలు. వీటన్నిటికీ సోమరితనం అని పేరు పెట్టడం అధికారులకు సులువు, అన్నీ జబ్బులే అనడం యూనియన్లకు సులువు. వాస్తవం మనిషికో రకంగా ఉంటుంది.

యాజమాన్యం దీన్ని మూడు మార్గాల్లో ఎదుర్కొంటుంది. ఒకటి ఆశ: నెలలో నిర్ణీత మస్టర్లు నింపినవారికే రెట్టింపు వేతనం వచ్చే ప్లేడే (వారపు సెలవు రోజు) డ్యూటీలు ఇవ్వడం. రెండోది నచ్చజెప్పడం: తరచూ నాగా పెట్టేవారిని గని కార్యాలయానికి పిలిచి కౌన్సెలింగ్ చేయడం. భార్యనూ తల్లిదండ్రులనూ పక్కన కూర్చోబెట్టి జీతం ఎంత పోయిందో, డిస్మిస్ అయితే ఏమేమి పోతాయో కాగితంపై చూపిస్తారు. మూడోది శిక్ష: ఛార్జిషీటు, విచారణ, డిస్మిస్. డిస్మిస్ అయినవారిలో కొందరికి మళ్లీ అవకాశం ఇవ్వాలని యూనియన్లు అడగడం, షరతులతో యాజమాన్యం ఒప్పుకోవడం కూడా సింగరేణిలో జరుగుతూ వచ్చింది. అలా తిరిగి వచ్చినవారు మొదటి ఏడాది మస్టర్లు తప్పక నింపాలి.

కొలువు నుంచి బయటికి దారులు

సింగరేణిలో పర్మినెంటు ఉద్యోగం వదిలేవారిలో అత్యధికులు రిటైరయ్యేవారే. కార్మికుల భాషలో అది దిగిపోవడం. 2021 మార్చి 31 నుంచి వర్తించేలా విరమణ వయసును 60 నుంచి 61కి పెంచారు. అనుభవజ్ఞులు మరో ఏడాది నిలిచారు, ఖాళీలు ఏడాది వాయిదా పడ్డాయి. బయట ఉద్యోగం కోసం చూస్తున్న యువకులకు ఆ నిర్ణయం అంతగా రుచించలేదు.

సర్వీసులో మరణం, అనారోగ్యంతో అన్‌ఫిట్ కావడం, డిస్మిస్, రాజీనామా మిగతా దారులు. రాజీనామాలు అధికారుల వర్గంలో, అందులోనూ కొత్తగా చేరిన ఇంజినీర్లలో కనిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలోనో రాష్ట్ర ఇంజినీరింగ్ శాఖలోనో ఉద్యోగం వస్తే వారు వెళ్లిపోతారు. శిక్షణకు పెట్టిన ఖర్చు కంటే సర్టిఫికెట్ ఉన్న మనిషి పోవడమే కంపెనీకి ఎక్కువ నష్టం.

వారసత్వం నుంచి కారుణ్యం దాకా

సిబ్బంది విధానంలో కార్మిక కుటుంబాలను ఎక్కువగా కదిలించింది వారసత్వ ఉద్యోగం. తండ్రి దిగిపోతే కొడుకు ఎక్కే ఏర్పాటు అది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో మరణించినవారి, శాశ్వతంగా పనికి అశక్తులైనవారి ఆశ్రితులకు ఉద్యోగం ఇచ్చే క్లాజులు ఉన్నాయి. సింగరేణిలో నడిచిన పద్ధతి అంతకన్నా విశాలమైనది. సర్వీసు మిగిలి ఉండగానే కార్మికుడు తప్పుకొని తన ఉద్యోగాన్ని వారసుడికి ఇప్పించే వీలుండేది. కంపెనీ కష్టాల్లో పడిన ఏళ్లలో అది ఆగింది.

తెలంగాణ ఉద్యమంలో సింగరేణి కార్మికులు ముందు నిలిచారు. 2011 సకల జనుల సమ్మెలో 35 రోజులు బొగ్గు ఆపారు. రాష్ట్రం వచ్చాక వారసత్వ ఉద్యోగాల పునరుద్ధరణ పెద్ద డిమాండ్ అయింది. 2016 చివర్లో కంపెనీ బోర్డు పథకాన్ని ఆమోదించింది. ఉద్యోగాలు పుట్టుకను బట్టి పంచడం రాజ్యాంగంలోని సమాన అవకాశాల సూత్రానికి విరుద్ధమంటూ దాఖలైన వ్యాజ్యంపై 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. సుప్రీంకోర్టులోనూ కంపెనీకి ఊరట దొరకలేదు. దాంతో 2018లో కారుణ్య నియామకాల పేరిట మరో విధానం వచ్చింది.

రెంటికీ తేడా కారణంలో ఉంది. పాత పథకంలో కార్మికుడి ఇష్టం సరిపోయేది. కొత్తదానిలో అతడు పనికి అశక్తుడని మెడికల్ బోర్డు తేల్చాలి. ఆ తర్వాతే ఆశ్రితుడికి ఉద్యోగమో, దాని బదులు ఏకమొత్తమో నెలసరి సొమ్మో వస్తుంది. ఆశ్రితుల గరిష్ఠ వయసు మొదట 35 ఏళ్లు. 2024లో దాన్ని 40కి పెంచారు.

దీంతో మెడికల్ బోర్డు సిబ్బంది విధానానికి ఇరుసు అయింది. గనుల నియమాల ప్రకారం ప్రతి కార్మికుడికీ చేరేటప్పుడు, తర్వాత ఐదేళ్లకు మించకుండా వైద్య పరీక్ష జరగాలి. ఊపిరితిత్తులు, చూపు, వినికిడి, గుండె, రక్తపోటు, చక్కెర వ్యాధి చూస్తారు. ఈ పరీక్షల ఉద్దేశం కార్మికుణ్ని కాపాడటం. ఇంట్లో ఉద్యోగం లేని కొడుకు ఉన్న 57 ఏళ్ల మనిషికి మాత్రం బోర్డు ముందు ‘ఫిట్’ అనే మాట కన్నా ‘అన్‌ఫిట్’ అనే మాటే వరమనిపిస్తుంది. ఇతర సంస్థల్లో ఉద్యోగి తనకు ఆరోగ్యం ఉందని నిరూపించుకోవడానికి తంటాలు పడతాడు. ఇక్కడ తరచూ దానికి తలకిందులుగా జరుగుతుంది. దళారులు చొరబడేది ఈ సందులోనే. డబ్బులిస్తే అన్‌ఫిట్ చేయిస్తామనేవారిని నమ్మొద్దని కంపెనీ పదేపదే ప్రకటించాల్సి రావడం ఈ విధానంలోని బలహీనతను చూపిస్తుంది. నిజంగానే రోగంతో ఉన్నవాడు, రోగం చూపించుకోవాలనుకునేవాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. డాక్టరు ఇద్దరినీ ఒకే అనుమానంతో చూస్తే మొదటివాడికి అన్యాయం జరుగుతుంది.

యాజమాన్యానికి ఈ విధానంలో లాభం లేకపోలేదు. 57 ఏళ్ల మనిషి స్థానంలో పాతికేళ్ల యువకుడు వస్తాడు, సగటు వయసు తగ్గుతుంది. అయితే కంపెనీకి కావలసిన పనికి, వచ్చిన మనిషి చదువుకు పొంతన కుదరదు. కారుణ్య నియామకాల్లో వచ్చినవారిలో డిగ్రీ, బీటెక్, ఎంబీఏ చదివినవారున్నారు. వారు బదిలీ వర్కర్‌గా చేరి కొన్నేళ్లు భూగర్భంలో పనిచేయాలి. వారి చూపు పైనున్న ఆఫీసు మీద, అంతర్గత నోటిఫికేషన్ల మీద ఉంటుంది. 2022 సెప్టెంబరులో 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు పరీక్ష పెడితే దరఖాస్తులు లక్షకు చేరువయ్యాయి. పైన కుర్చీ కోసం అంత పోటీ, కింద బాయిలో మనుషుల కొరత.

మారుపేర్ల సమస్య

దశాబ్దాల కిందట ఇంకొకరి పేరుతో చేరి, ఆ పేరుతోనే సర్వీసంతా గడిపిన కార్మికులు సింగరేణిలో ఉన్నారు. కంపెనీ కాగితాల్లో ఒక పేరు, ఊళ్లో మరో పేరు. కార్మికుడు పనిచేసినన్నాళ్లూ ఇబ్బంది రాదు. కొడుకు కారుణ్య నియామకానికి దరఖాస్తు చేసినప్పుడు బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, కంపెనీ రికార్డులో పేరు కలవవు. ఫైలు విజిలెన్స్‌కు వెళ్తుంది. ఊళ్లో విచారణ, పంచాయతీ ధ్రువపత్రాలు, అఫిడవిట్లు నడుస్తుండగా వారసుడి వయసు గరిష్ఠ పరిమితి దాటిపోయే ప్రమాదం ఉంటుంది. పేరు మార్పును మోసంగా చూడాలా, ఆనాటి నియామక పద్ధతుల ఫలితంగా చూడాలా అన్నదానిపై యాజమాన్యం, యూనియన్ల మధ్య చర్చలు ఏళ్ల తరబడి సాగాయి.

యాజమాన్య ఆందోళనల పటం

సిబ్బంది శాస్త్రంలో పటం గీయడమంటే ఏ ఆందోళన ఏ వర్గంలో, ఏ దశలో, ఏ చోట పుడుతోందో గుర్తించడం. నిలువు గడుల్లో ఉద్యోగ వర్గాలు, అడ్డు గడుల్లో నియామకం, శిక్షణ, హాజరు, నిలకడ, నిష్క్రమణ రాస్తారు. భూపాలపల్లి వంటి ఏరియాను ఆ గడుల్లో పెడితే మచ్చలు అన్నిచోట్లా సమానంగా పడవు.

అధికారుల వరుసలో మచ్చ నిలకడ దగ్గర పడుతుంది. సర్దార్, ఓవర్‌మన్ వరుసలో నియామకం దగ్గర, ఎందుకంటే సర్టిఫికెట్ ఉన్నవారు బజారులో దొరకరు. జనరల్ మజ్దూర్ వరుసలో హాజరు గడి నల్లబడుతుంది. రిటైర్మెంటుకు చేరువైనవారి వరుసలో నిష్క్రమణ గడి నిండుతుంది. పాత ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ దిగిపోతే అతని పనితనం కూడా వెళ్లిపోతుంది. ఏ పంపు ఏ చప్పుడు చేస్తే ఏం చెడిందో కాగితం మీద ఉండదు.

మరో మచ్చ చోటుకు సంబంధించినది. మంచిర్యాల, గోదావరిఖని ప్రాంతాల యువకుడికి భూపాలపల్లిలో పోస్టింగు వస్తే చేరిన నెల నుంచే ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు తిరుగుతుంది. కంపెనీ నియామకాల్లో పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాలను స్థానిక ప్రాంతంగా పరిగణిస్తారు. ఆ లెక్కలో రేగొండవాడు, కాగజ్‌నగర్‌వాడు ఇద్దరూ స్థానికులే. ఇంటి నుంచి గనికి దూరం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. ఊరికి దగ్గరైనవాడు పొలం పనికి నాగా పెడతాడు, దూరమైనవాడు ఇంటికి వెళ్లి ఆలస్యంగా వస్తాడు.

నిలుపుకొనే ఏర్పాట్లు

వేతనం కాక క్వార్టరు, ఉచిత వైద్యం, బొగ్గుగనుల భవిష్య నిధి, గ్రాట్యుటీ, 1998 నాటి పింఛను పథకం కార్మికుణ్ని కంపెనీకి కట్టి ఉంచుతాయి. భూపాలపల్లి మంజూర్‌నగర్‌లోని ఏరియా ఆసుపత్రి, కాలనీలు ఆ ఏర్పాట్లలో భాగమే. పింఛను మాత్రం కరవు భత్యంతో ముడిపడి పెరగదు. ఏళ్ల కిందట దిగిపోయినవారికి వచ్చే సొమ్ము మందులకూ చాలడంలేదన్న ఫిర్యాదు అన్ని యూనియన్ల పత్రాల్లో కనిపిస్తుంది. బ్యాంకులతో ఒప్పందం ద్వారా కోటి రూపాయల ప్రమాద బీమా 2024లో అమల్లోకి వచ్చింది.

లాభాల వాటా సింగరేణికి ప్రత్యేకమైన ఏర్పాటు. విస్తరణకు పక్కన పెట్టింది పోను మిగిలిన లాభంలో 2023-24కు 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు పంచారు. 2024-25కు 34 శాతం వాటా ఇచ్చారు; కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చింది కలిపి మొత్తం 819 కోట్లు. పంపకంలో మస్టర్ల సంఖ్యకు ప్రాధాన్యం ఉంటుంది. దసరా ముందు ఈ సొమ్ము ఖాతాలో పడే వారం భూపాలపల్లి బజారులో బంగారం, బైకుల దుకాణాలకు పండుగ.

మహిళల నియామకంలో ముఖ్యమైన మార్పు 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్. గనుల చట్టం భూగర్భంలో మహిళల పనిని నిషేధించింది. ఆ నోటిఫికేషన్ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకు వారిని అనుమతించింది.

యూనియన్ల పాత్ర

సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకునే పద్ధతి 1998లో మొదలైంది. 2012, 2017లలో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గెలిచింది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది. సిబ్బంది విధానంలో యాజమాన్యం ఒక్కటే తీసుకునే నిర్ణయాలు తక్కువ. విరమణ వయసు, కారుణ్య నియామకాల షరతులు, ట్రాన్స్‌ఫర్లు, డిస్మిస్ అయినవారి పునర్నియామకం అన్నీ చర్చల బల్ల మీదికి వస్తాయి. గని స్థాయిలో యూనియన్ పిట్ సెక్రటరీకి ఉండే పలుకుబడి నియమాల పుస్తకంలో కనిపించదు. పని పంపకం వేళ ఒక్కోసారి మేనేజరు మాట కన్నా అతని మాటే చెల్లుతుంది.

కాంట్రాక్టు కార్మికులు

పర్మినెంటు సంఖ్య తగ్గినంత మేర పని తగ్గలేదు. ఓపెన్‌కాస్టుల్లో బొగ్గుపై మట్టిని తొలగించే పనిలో అధిక భాగం ప్రైవేటు కాంట్రాక్టర్లది. పారిశుధ్యం, సెక్యూరిటీ, డ్రైవింగ్, తోటపని, ఆసుపత్రి సేవల్లోనూ వారి మనుషులే ఉంటారు. 2024-25 లాభాల పంపిణీ నాటికి కాంట్రాక్టు కార్మికులు సుమారు 30 వేలమంది. టెండరు మారినప్పుడు కాంట్రాక్టరు మారతాడు. మనిషి, పని, చోటు అవే ఉన్నా సర్వీసు మళ్లీ మొదటికి వస్తుంది. వేతనాల పెంపు కోరుతూ వీరు 2022 సెప్టెంబరులో 18 రోజులు సమ్మె చేశారు. 2024లో తొలిసారి తలా 5,000, మరుసటి ఏడాది 5,500 రూపాయలు లాభాల పంపిణీ సందర్భంగా అందాయి. అదే ఏడాది పర్మినెంటు కార్మికుడి సగటు వాటా రెండు లక్షలకు దగ్గర. పక్కపక్కనే పనిచేసే ఇద్దరి మధ్య ఈ తేడా సిబ్బంది విధానంలో ఇంకా తెగని చిక్కు.

విద్యుత్ కేంద్రం, ప్రభుత్వ శాఖలు

రేగొండకు భూపాలపల్లికి మధ్య చెల్పూరులో ఉన్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. దానికి కేటాయించిన తాడిచర్ల బొగ్గు బ్లాకులో తవ్వకం ప్రైవేటు సంస్థ చేతిలో ఉంది. 2017లో రాష్ట్ర విద్యుత్ సంస్థలు 23 వేలకు పైగా ఔట్‌సోర్సింగ్ కార్మికులను ఆర్టిజన్ల పేరుతో తమలో కలుపుకున్నాయి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా సర్వీసు తెగిపోయే సమస్య వారికి తీరింది. రెగ్యులర్ ఉద్యోగుల సర్వీసు నిబంధనలు తమకూ వర్తించాలన్న డిమాండ్ మిగిలింది.

ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు జిల్లా, జోన్, మల్టీజోన్ విభజన తెచ్చాయి. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం జోన్‌లోకి వచ్చింది. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో కింద సీనియారిటీ ఆధారంగా ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు జూనియర్లు చాలామంది సొంత జిల్లాకు దూరమయ్యారు. బడిలో ఉపాధ్యాయుడు ఎక్కువ కాలం నిలవకపోవడానికి జీతం కారణం కాదు. ఇల్లు వరంగల్, హన్మకొండల్లో ఉండటం, భార్య లేదా భర్త ఉద్యోగం, పిల్లల చదువు అసలు కారణాలు.

రాష్ట్రం బయటి గనులు

ఒడిశాలోని నైనీ బ్లాకులో 2025 ఏప్రిల్‌లో బొగ్గు ఉత్పత్తి ప్రారంభమైంది. తెలంగాణ వెలుపల సింగరేణికి ఇదే మొదటి గని. సిబ్బంది విధానం ఇన్నాళ్లూ గోదావరి లోయలోని నాలుగు పూర్వపు జిల్లాల చుట్టూ అల్లుకుంది. నైనీ గని ఆ చట్రానికి బయట ఉంది. అక్కడికి ఎవరిని, ఎన్నేళ్లకు పంపాలి, వెళ్లినవారికి ఏ భత్యాలు ఇవ్వాలి, భూమి కోల్పోయిన ఒడిశా కుటుంబాలకు ఏ స్థాయి ఉద్యోగాలు రావాలి అన్నవి ఇక్కడి కార్మికులకు కొత్త ప్రశ్నలు. దేశంలోని నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి రావడంతో గనుల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టంలోని నిబంధనలు వాటి పరిధిలోకి చేరాయి. స్టాండింగ్ ఆర్డర్లను, యూనియన్లతో ఉన్న ఒప్పందాలను వాటికి అనుగుణంగా సరిచూసుకునే పని సిబ్బంది విభాగాల ముందుంది.